సామెత ఊరిది, తాత్పర్యం ఒకరిది: ఒక డేటాబేసు డైరీ

జూన్ 8, 2025

బాబాయి నోటుపుస్తకాలు ఇవాళ మా ఇంటికి చేరాయి. మొత్తం పదకొండు. అట్టల మీద తరగతి, సెక్షను, సబ్జెక్టు అని గీతలున్న బడి పుస్తకాలే గానీ లోపల ఒక్క పాఠమూ లేదు. తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాస్టారుగా చేసిన ముప్ఫై ఏళ్ళూ, చెవిన పడిన ప్రతి సామెతనూ ఆయన వీటిలో ఎక్కించుకుంటూ వచ్చారు. కొన్నిటి పక్కన అర్థం ఉంది, కొన్నిటి పక్కన చెప్పినవారి పేరు. ఒకచోట మాత్రం "బస్సులో విన్నది. పేరు అడిగేలోగా ఆమె దిగిపోయింది" అని ఉంది. సంచి నా చేతికిస్తూ "అమ్మాయీ, చెదలు చదివేలోగా నువ్వు చదువు" అన్నారు.

నా ఉద్యోగం డేటాబేసులతోనే. పగలంతా ఎవరెవరి ఖాతాలో సర్దేదాన్ని, రాత్రి ఓ గంట మన సామెతలు సర్దలేనా అనిపించింది. ఒక్కో సామెతకు ఒక్కో వరుస. సామెత పాఠం, పాఠాంతరాలు, తాత్పర్యం, ఎక్కడ దొరికింది, ఏ ప్రాంతంలో వాడతారు అని ఐదు కాలమ్‌లు. సరుకు మూడు చోట్ల నుంచి: బాబాయి నోటుపుస్తకాలు, పందొమ్మిదో శతాబ్దపు అచ్చు పుస్తకాలు, స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన సంకలనాలు. దసరాకు నెట్లో పెట్టాలి. ఎవరైనా వెతుక్కోవచ్చు, కావలిస్తే మొత్తం దింపుకోవచ్చు.

వదినకు గొప్పగా చెప్పాను. ఆమె హైకోర్టులో ప్రాక్టీసు చేస్తారు. విని ఒకే ప్రశ్న వేశారు: "కింద హక్కుదారు ఎవరని రాస్తావు?"

"సామెతలకు హక్కుదారేమిటి వదినా, ఊరందరివీ కదా."

"సామెతలు ఊరివే. నువ్వు ఎక్కించేది సామెతలొక్కటేనా?"

జూన్ 15

ఆ ఒక్క ప్రశ్నకే వారం పోయింది. 1957 నాటి కాపీరైటు చట్టం తెచ్చుకుని కూర్చున్నాను. రెండో సెక్షనులో 'సాహిత్య కృతి' అంటే ఏమిటో చెబుతూ కంప్యూటర్ ప్రోగ్రాములను, పట్టికలను, సంకలనాలను, కంప్యూటర్ డేటాబేసులను కూడా అందులో కలిపేశారు. చట్టం కళ్ళకు నా స్ప్రెడ్‌షీటూ ఒక నవలా ఒకే గాటన ఉన్నాయన్నమాట. ఉద్యోగంలో పదిహేనేళ్ళుగా నేను సాహిత్య సృష్టి చేస్తున్నానని ఎవరూ చెప్పలేదు!

అయితే ఆ హక్కు రెండు అంతస్తుల్లో ఉంటుంది. సంకలనం చేసినవారికి తమ ఎంపిక మీద, అమరిక మీద హక్కు. లోపలి ఒక్కొక్క వస్తువు మీద దాని దాని యజమానికి హక్కు. పై అంతస్తు నాదైనంత మాత్రాన కింది వాటాలు నావి కావు. "పిట్ట కొంచెం, కూత ఘనం" అన్న నాలుగు మాటలు ఎవరి సొత్తూ కాదు. ఆ నాలుగు మాటలకు ఒక పండితుడు అరపేజీ వివరణ రాస్తే ఆ అరపేజీ ఆయనదే. ఆయన బతికున్నన్నాళ్ళూ, ఆ తర్వాత అరవై ఏళ్ళూ.

ఈ అరవై ఒకప్పుడు యాభై. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు కాబట్టి ఆయన రచనలు 1991తో స్వేచ్ఛగా దొరకాలి. సరిగ్గా ఆ గడువు ముంచుకొచ్చాకే గడువును మరో పదేళ్ళు పొడిగించారు. ఇప్పటి లెక్కలో 1964 డిసెంబరు ఆఖరులోగా కన్నుమూసిన రచయితలు మనకు అందుబాటులో ఉన్నట్టు. గురజాడ (1915), వీరేశలింగం (1919), గిడుగు (1940), సురవరం ప్రతాపరెడ్డి (1953) అందరూ ఈవల ఉన్నారు. జాషువా 1971లో పోయారు, ఇంకా ఆవలి గట్టునే.

జూన్ 29

పాత పుస్తకాలతో మొదలుపెట్టాను. మద్రాసు సైన్యంలో పనిచేసిన కెప్టెన్ ఎం. డబ్ల్యూ. కార్ తెలుగు సామెతలు పోగుచేసి, ఇంగ్లీషు అనువాదంతో 1868లో మద్రాసులో అచ్చువేయించారు. స్కాన్ చేసిన ప్రతి నెట్లో దొరుకుతుంది. ఆయన ఎప్పుడు పోయారన్నది నా చేతిలో ఉన్న కాగితాల్లో లేదు. వదిన నేర్పిన లెక్క ఇలా ఉంది: పుస్తకం వచ్చేనాటికి ఆయనకు ఇరవై ఏళ్ళే అనుకో. నూరేళ్ళు నిండా బతికారనుకో. అప్పటికి 1948. దానికి అరవై కలిపితే 2008. ఎంత ఉదారంగా లెక్కవేసినా గడువు దాటిపోయింది. హక్కు అని కొత్తగా ఒక గడి పెట్టి, అందులో 'పబ్లిక్ డొమైన్' (గడువు తీరి అందరిదీ అయినది) అని రాసి, పక్కన ఈ లెక్క కూడా చేర్చాను. రేపు ఎవరైనా అడిగితే నేను తడుముకోనక్కర్లేదు.

బ్రౌన్ నిఘంటువుకు ఇంత తర్కం అవసరం లేదు, బ్రౌన్ 1884లో పోయారు. కానీ నెట్లో అందరూ వాడేది 1903 నాటి పరిష్కృత ముద్రణ. దాన్ని సవరించినవారిలో వీరేశలింగం ఒకరు. ఆయన గడువు ఎప్పుడో తీరింది. మిగతా ఇద్దరికీ కార్ గారికి వేసిన లెక్కే వేస్తే 2043 దాకా పోతోంది, వాళ్ళు ఎప్పుడు పోయారో వెతకాలి.

మరి స్కాన్ చేసినవాళ్ళకు హక్కు ఉండదా? ఉన్నదాన్ని ఉన్నట్టు ఫొటో తీయడంలో కొత్త సృష్టి లేదు. ఇంగ్లండులో అచ్చుపేజీ కూర్పుకే పాతికేళ్ళ హక్కు విడిగా ఉంది, మన చట్టంలో అదీ లేదు. అయితే స్కాన్ పెట్టిన సైటు నియమాలంటూ ఉంటాయి. అవి కాపీరైటు కావు, ఒప్పందం. రెంటినీ కలిపి భయపడటం మనకు అలవాటు.

అచ్చుపేజీ ఫొటోను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ సంగతి రాయకపోతే ఈ డైరీకి అర్థం లేదు. పాత అచ్చులో అరసున్నలు, శకటరేఫలు, పైగా కాగితం మచ్చలు. యంత్రానికి 'ప'కూ 'వ'కూ తేడా తెలియదు, 'మ'కూ 'య'కూ అసలు తెలియదు. "విల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అని వచ్చింది. "విచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అని వచ్చింది. పెళ్ళి సామెతలన్నీ వెళ్ళిపోయాయి. ఒక్కో పేజీకి ఇరవై నిమిషాలు పడుతోంది.

జూలై 13

కళ్ళు మండుతున్నాయి. కార్ పుస్తకం సగం అయింది. ఇంత పాటుపడి దిద్దిన ఈ పాఠం మీద నాకేమైనా హక్కు వస్తుందా అని వదినను అడిగాను. రాదు అన్నారు. సముదాయించడం ఆమెకు చేతకాదు.

ఆధారం కూడా పంపారు. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి. బి. మోదక్‌ల మధ్య కేసు, 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు. ఆ ప్రచురణ సంస్థ సుప్రీంకోర్టు తీర్పులు సేకరించి, అచ్చుతప్పులు దిద్ది, ఉదాహరించిన కేసుల వివరాలు సరిచూసి, పేరాలకు అంకెలు వేసి పుస్తకాలుగా తెస్తుంది. ఇంకొకరు ఆ తీర్పులను సీడీల్లో పెట్టి అమ్మారు. మా శ్రమ దోచుకున్నారని సంస్థ వారు కోర్టుకెక్కారు. కోర్టు చెప్పింది ఏమిటంటే, తీర్పులు ప్రజలవి. తప్పులు దిద్దడం, విరామ చిహ్నాలు పెట్టడం, ఖాళీలు పూరించడం శ్రమే, కానీ శ్రమ ఒక్కటే కాపీరైటు ఇవ్వదు. నైపుణ్యం, విచక్షణ ఉండాలి, రవ్వంత సృజన ఉండాలి. విడిపోని తీర్పును పేరాలుగా విడగొట్టి అంకెలు వేయడం, ఏ న్యాయమూర్తి ఏకీభవించారో ఎవరు విభేదించారో చెప్పడం మాత్రం తీర్పు చదివి అర్థం చేసుకుంటేనే జరిగే పని, కనుక దానికి రక్షణ ఉంది.

అంతకుముందు గాలి వేరుగా ఉండేది. 1995లో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. తపాలా ద్వారా సరుకులమ్మే సంస్థ నుంచి ఒక ఉద్యోగి బయటికి వస్తూ ఖాతాదారుల జాబితా పట్టుకుపోయి సొంత వ్యాపారం పెట్టుకున్నాడు. ఆ జాబితా సంస్థ వారి సాహిత్య కృతే అంది కోర్టు. 'నుదుటి చెమట' సిద్ధాంతమంటారు దాన్ని. చెమటోడ్చి పోగుచేస్తే చాలు, నీదే. అమెరికాలో ఆ సిద్ధాంతం 1991లోనే పోయింది. కాన్సస్‌లో ఒక చిన్న టెలిఫోను కంపెనీ డైరెక్టరీ నుంచి ఇంకో కంపెనీ పేర్లు, నంబర్లు ఎత్తి తన పెద్ద డైరెక్టరీలో వేసుకుంది. ఆ పెద్ద పుస్తకంలో ఉన్న 46,878 పేర్లలో 1,309 మక్కికి మక్కి ఇక్కడివే. దొంగను పట్టుకోవడానికి టెలిఫోను కంపెనీ కావాలని లేని మనుషుల పేర్లు కొన్ని చొప్పించింది, వాటిలో నాలుగు అటువైపు పుస్తకంలో దర్శనమిచ్చాయి! దొంగతనం రుజువైంది గానీ నేరం రుజువు కాలేదు. అక్షరక్రమంలో పేర్లు పేర్చడంలో సృజన ఏముందని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఈ కథ బాబాయికి చెప్పి, మనమూ నాలుగు ఉత్తుత్తి సామెతలు పెడదామా అన్నాను. ఆయన నిజంగానే కోప్పడ్డారు. "టెలిఫోను పుస్తకంలో లేని మనిషి పుట్టడమ్మా. అబద్ధపు సామెత పుట్టిస్తే ఇరవై ఏళ్ళకు అది నిజం సామెతవుతుంది."

ఆ ఆలోచన అక్కడితో సరి. మోదక్ తీర్పు మీద నాకు మంటగానే ఉంది. న్యాయం కాదని అనను. చీమలు పెట్టిన పుట్టలు పాములకు నెలవైనట్టు అని ఇవాళ ఎక్కించిన వరుస, ఎదురుగా తెర మీద కనిపిస్తోంది. అంతే.

జూలై 27

వరసగా రెండు రోజులు నిద్ర లేదు. సాయం చేస్తానని వచ్చిన కాలేజీ పిల్లల్లో ఒకరు ఒకే రాత్రిలో మూడు వందల పైచిలుకు సామెతలు తాత్పర్యాలతో సహా పంపారు. ఎంత చురుకైన పిల్లాడో అనుకుని నేరుగా డేటాబేసులోకి తోసేశాను. ఇవాళ సరిచూస్తుంటే "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" దగ్గర ఆగిపోయాను. తాత్పర్యం చివర ఇలా ఉంది: "వెనుకటి పుటలో చెప్పినట్లు ఇది కూడా నివారణను గురించినదే."

మా డేటాబేసులో పుటలే లేవు.

వెతికితే తెలిసింది. 1970లలో అచ్చయిన ఒక సంకలనాన్ని ఎవరో పూర్తిగా టైపుచేసి ఒక సైటులో పెట్టారు. సంకలనకర్త పేరు లేదు. పైగా కింద "ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు" అని ధారాళంగా లైసెన్సు ఇచ్చేశారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు! మావాడు అక్కడి నుంచి చిన్న స్క్రిప్టుతో మొత్తం లాగేశాడు. ఆ లైసెన్సు చూసే ధైర్యం చేశాడు పాపం. తనది కాని హక్కును ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరని వాడికెవరు చెప్పారు? నాకూ ఈ మధ్యే కదా తెలిసింది.

వదిన ఇంకో ముడి కూడా చూపించారు. డేటాబేసులకు కాపీరైటు చట్టమొక్కటే కాదు, 2000 నాటి ఐటీ చట్టంలో 43వ సెక్షను కూడా కావలి ఉంది. కంప్యూటరు యజమాని అనుమతి లేకుండా అందులోని డేటాను దింపుకున్నా, నకలు తీసినా పరిహారం కట్టాలి. దుర్బుద్ధితో చేస్తే 66 కింద నేరమే. అక్కడ సృజన ఉందా లేదా అని ఎవరూ అడగరు. అంటే టెలిఫోను డైరెక్టరీలాంటి బోడి జాబితాకు కాపీరైటు దొరక్కపోయినా, తాళం వేసిన సర్వరులోంచి దాన్ని ఎత్తుకుపోతే మాత్రం తప్పే.

మూడు వందల వరుసలూ తీసేశాను. తీసేసేముందు ఒక్క పని చేశాను. ఏ సామెత ఆ పుస్తకంలో ఉందో తెలిపే సూచిక మాత్రం ఉంచుకున్నాను. ఫలానా సామెత ఫలానా పుస్తకంలో ఉందన్నది వాస్తవం, వాస్తవానికి యజమాని లేడు. పుట సంఖ్యలు అసలు పుస్తకంలో చూసి నేనే వేసుకుంటాను.

ఆగస్టు 10

డేటాబేసు విప్పి మళ్ళీ కట్టాను. మొదట వరుసకొక హక్కు అనుకున్నది ఇప్పుడు గడికొక హక్కు అయింది. ఉదాహరణకు ఒక వరుస ఇక్కడ విప్పుతాను.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి." సామెత గడిలో: ఎవరిదీ కాదు. పాఠాంతరం గడిలో: నోటుపుస్తకం 4, ఎవరిదీ కాదు. తాత్పర్యం గడిలో: బాబాయి రాసింది, ఆయనది, లైసెన్సు ఇంకా తేలలేదు. ఉలిపికట్టె అంటే ఏమిటన్న చర్చ గడిలో: 1970ల పుస్తకంలో పేజీన్నర ఉంది, మేము ఎత్తలేదు, 'పుట చూడండి' అన్నంతే. ప్రాంతం గడిలో: గుంటూరు, మా సేకరణ.

ఒక్క సామెతకు ఐదు గడులు, ముగ్గురు యజమానులు, ఒక ఖాళీ. బ్యాంకు ఖాతాలు ఇంతకంటే సులువు.

ఆగస్టు 24

బాబాయితో కలిసి పల్లెకు వెళ్ళాను. ఎనభై దాటిన మామ్మ ఒకరున్నారు. మాట మాటకూ సామెతే. మీ మనవలెవరూ ఇవి రాసుకోలేదా అంటే, "పెరటి చెట్టు వైద్యానికి వస్తుందా?" అన్నారు. గంటన్నర రికార్డు చేశాను.

సామెత ఎవరిదీ కాకపోయినా రికార్డింగుకు హక్కు ఉంటుంది, అది రికార్డు చేసినవారిది, ప్రచురించిన ఏడాది తర్వాత అరవై ఏళ్ళు. మామ్మ కథలా అభినయించి చెప్పిన భాగాలకు ప్రదర్శకుల హక్కు కూడా వర్తిస్తుందని వదిన అనుమానం. అందుకని సమ్మతి కాగితం తయారుచేసుకుని వెళ్ళాను. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చదివి, ముందు జాగ్రత్తగా ఆమె పేరు తీసేసి "తెనాలి ప్రాంతం, ఎనభై దాటిన స్త్రీ" అని పెట్టాను. ఆ సంగతి చదివి వినిపించగానే మామ్మ మొహం ముడుచుకున్నారు.

"నా పేరెందుకు తీసేశావే? నేనేం తప్పు మాట్లాడాను?"

నిజమే. సమ్మతి అడగడమంటే తీసేయమంటారా అని మాత్రమే కాదు, ఉంచమంటారా అని కూడా. పేరు పెట్టాను. వేలిముద్ర వేయబోతే ఆపి, సంతకం చేయడం వచ్చని, పెద్ద అక్షరాలతో చేసి చూపించారు.

సెప్టెంబర్ 7

పిన్ని కొడుకు డబ్లిన్‌లో ఉంటాడు. సర్వరు ఖర్చు తను పెట్టుకుంటానన్నాడు. "అక్కా, ఇక్కడ పెడితే మనకు డేటాబేసు హక్కు కూడా వస్తుంది తెలుసా" అని ఊరించాడు.

సగం నిజం. ఐరోపా సమాజం 1996లో ఒక ఆదేశం తెచ్చింది. డేటా పోగుచేయడానికి, సరిచూడటానికి, ప్రదర్శించడానికి గణనీయంగా పెట్టుబడి పెడితే చాలు, సృజన ఉన్నా లేకపోయినా పదిహేనేళ్ళ ప్రత్యేక హక్కు. ఆ డేటాలో గణనీయమైన భాగాన్ని ఇంకొకరు లాగకూడదు. చుక్కచుక్కగా, పదేపదే లాగినా కుదరదు. మన దగ్గర నుదుటి చెమటకు విలువ లేదని నేను నెలరోజులుగా ఏడుస్తుంటే, అక్కడ చెమటకే పట్టా ఇస్తున్నారు.

అయితే చదివేకొద్దీ పట్టా పల్చబడింది. బ్రిటన్‌లో గుర్రప్పందేల బోర్డు తన పందేల జాబితాలు వాడుకుంటోందని విలియం హిల్ అనే పందెం కంపెనీ మీద కేసు వేసింది. 2004లో ఐరోపా న్యాయస్థానం తేల్చిందేమిటంటే, ఉన్న సమాచారాన్ని వెతికి పోగుచేయడానికి పెట్టిన ఖర్చే లెక్కలోకి వస్తుంది, సమాచారాన్ని పుట్టించడానికి పెట్టింది రాదు. ఏ పందెంలో ఏ గుర్రం పరుగెత్తుతుందో నిర్ణయించేది బోర్డే, కనుక ఆ జాబితా దాని సృష్టి, సేకరణ కాదు. హక్కు లేదు. ఆ లెక్కన మా పని శుద్ధ సేకరణ, ఐరోపాలో భేషుగ్గా నిలబడేది. కానీ ఆ హక్కు ఐరోపా పౌరులకు, నివాసులకు, అక్కడి సంస్థలకే. సర్వరు ఎక్కడుందన్నది కాదు, తయారుచేసింది ఎవరన్నది ప్రశ్న. తెనాలి బాబాయికీ హైదరాబాద్ అమ్మాయికీ రాదు.

పోనీ, తమ్ముడి పేరున పెడదామా? క్షణం ఆశ పుట్టిన మాట దాచను. తర్వాత చదివింది ఆ ఆశను చల్లార్చింది: 2005లో ఐరోపా కమిషనే సమీక్ష చేసుకుని, ఈ హక్కు వల్ల డేటాబేసుల ఉత్పత్తి పెరిగిందనడానికి రుజువు లేదని ఒప్పుకుంది. అందరికీ ఇచ్చేద్దామని మొదలుపెట్టిన దానికి కొత్తగా కంచె ఎందుకు? సర్వరు మాత్రం అక్కడే పెట్టాం, తమ్ముడి డబ్బు కాబట్టి.

సెప్టెంబర్ 21

లైసెన్సుల మీద బాబాయికీ నాకూ చిన్న యుద్ధం.

మొత్తం క్రియేటివ్ కామన్స్ వారి సీసీ జీరో కింద వదిలేద్దామన్నాను. అంటే ఏ షరతూ లేదు, పేరు కూడా చెప్పక్కర్లేదు. వికీపీడియా వారి డేటాబేసు వికీడేటా ఆ దారిలోనే నడుస్తుంది. డేటాబేసులను ఒకదానితో ఒకటి కలిపేటప్పుడు అందరి పేర్లూ చెప్పాలంటే ఆ జాబితా పుస్తకమంత అవుతుంది, అది నా వృత్తిపరమైన చిరాకు. బాబాయి ఒప్పుకోలేదు. "సామెతలు తీసుకోమను. నేను రాసిన తాత్పర్యం పక్కన నా పేరు ఉండాలి. దాన్ని పుస్తకం వేసి అమ్ముకుని తాళం వేయకూడదు."

ఆయన మాటే నెగ్గింది, నెగ్గాలి కూడా. సామెత పాఠం, పాఠాంతరాలు, ప్రాంతం, పుట సూచిక, అమరికతో సహా సీసీ జీరో. తాత్పర్యాలు పేరు చెప్పి, అదే షరతులతో పంచుకోవాలనే సీసీ బై ఎస్‌ఏ 4.0. ఆ నాలుగో కూర్పులో ఐరోపా డేటాబేసు హక్కును కూడా లైసెన్సులో కలిపారు కాబట్టి డబ్లిన్ గొడవ అక్కడితో తీరింది.

పిల్లలతో సంతకాలు పెట్టించుకునే కాగితం నేనే రాశాను, "హక్కులన్నీ ప్రాజెక్టుకు బదిలీ చేస్తున్నాను" అని. వదిన ఎర్ర సిరాతో కొట్టేశారు. కాలపరిమితి రాయని బదిలీ మన చట్టంలో ఐదేళ్ళకే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. లైసెన్సుకూ అదే సూత్రం. నా కాగితంతో పోయి ఉంటే 2030లో తాత్పర్యాలన్నీ వెనక్కి వెళ్ళిపోయేవి! హక్కు వదులుకోవడానికి కూడా ఒక పద్ధతుంది. 2012 సవరణ తర్వాత బహిరంగ ప్రకటన ఇచ్చినా చాలు, అంతకుముందు రిజిస్ట్రారుకు రాయాల్సి వచ్చేది.

ఈ సంతకాల పని మొదట్లోనే చేయాలి. జనమే కలిసి గీసే నెట్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళు 2012లో లైసెన్సు మార్చినప్పుడు, ఒప్పుకోనివాళ్ళు గీసిన దారులన్నీ పటం నుంచి చెరిపేయాల్సి వచ్చింది. పటంలో రోడ్లు మాయమైన ఆ రోజులు గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు.

అక్టోబర్ 5

దసరా దాటిపోయింది. సైటు మాత్రం తెరిచాం, 1970ల పుస్తకం గడులు ఖాళీగానే. ఉన్న సంకలనాల్లో అదే మేలైనది. అర్థాలు తిరగరాసి కాదు, ఊళ్ళు తిరిగి విని రాశారు ఆ సంకలనకర్త.

ప్రచురణకర్త దుకాణం ఎప్పుడో మూతపడింది. రచయిత లేరు. ఇలాంటి అనాథ పుస్తకాలకు చట్టంలో 31ఎ అని ఒక దారి ఉంది. యజమాని జాడ దొరకనప్పుడు కమర్షియల్ కోర్టుకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి ప్రచురించుకోవచ్చు. కానీ దానికి ముందు దేశంలో ఎక్కువ భాగం చేరే ఒక ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి. అవును, ఇంగ్లీషు పత్రికలో. తెలుగు సామెతల పుస్తకం వారసులు ఆ మూల ప్రకటన చూసి పరుగెత్తుకొస్తారని ఎవరు ఊహించారో గానీ! అనువాదమైతేనే ఆ భాష పత్రికలో కూడా వేయాలట. ప్రకటన ధర కనుక్కుంటే, ఆ డబ్బుతో పుస్తకం మూడుసార్లు అచ్చువేయవచ్చు.

బాబాయి వేరే దారి పట్టారు. పుస్తకం ముందుమాట కింద ఉన్న ఊరి పేరు చూసి, అక్కడ తనకు తెలిసిన ఒక రిటైర్డు హెడ్మాస్టరుకు ఫోను చేశారు. నాలుగు ఫోన్లలో మనవరాలు దొరికారు.

నవంబర్ 2

రచయిత 1979లో పోయారట. అంటే హక్కు 2039 డిసెంబరు 31 దాకా కుటుంబానిది. వారసులు ఐదుగురు. మనవరాలు సంతోషంగా ఒప్పుకున్నారు, కానీ ఆమె ఒక్కరి మాట చాలదు. నాలుగు సంతకాలు వచ్చాయి. ఐదోది మెల్‌బోర్న్ నుంచి రావాలి. అక్కడున్న పెద్దాయన "సామెతలకు సంతకమేమిటి, ఊరందరివీ కదా" అన్నారట. నాకు జూన్ 8 గుర్తొచ్చింది.

ఇవాళ ఆమె మరో ఫొటో పంపారు. తాతగారు తన సొంత ప్రతిలో పేజీ అంచుల నిండా పెన్సిలుతో కొత్త సామెతలు, సవరించిన తాత్పర్యాలు రాసుకున్నారు. రెండో ముద్రణ కోసం కాబోలు, అది రాలేదు. "ఇవి కూడా వేసుకోండి" అన్నారు ఆమె. ఆశపడి చట్టం తిరగేశాను. రచయిత పోయేనాటికి అచ్చుకాని రాతలకు లెక్క వేరు. మొదటిసారి ప్రచురించిన ఏడాది నుంచి అరవై. మేం వచ్చే ఏడాది ఆ అంచు రాతలు బయటపెడితే, అచ్చు పుస్తకం 2040లో స్వేచ్ఛగా దొరికినా, పెన్సిలు రాతల మీద హక్కు 2086 దాకా ఉంటుంది. ఒకే పేజీ, మధ్యలో ఒక గడువు, అంచున ఇంకో గడువు.

ఫొటో వదినకు పంపి ఏం చేయమంటారని అడిగాను. కోర్టులో ఉన్నట్టున్నారు, సాయంత్రానికి గానీ జవాబు రాలేదు.

"ఇంకో కాలమ్ పెట్టు."